గిటారు జ్వర నిదానం

ఏ శాస్త్రమైనా మొదలుపెట్టే ముందు నాలుగు సంగతులు తేల్చాలని పెద్దలు పెట్టిన నియమం. విషయం ఏమిటి, ప్రయోజనం ఏమిటి, చదవడానికి అధికారి ఎవడు, వీటికి పరస్పరం ఉన్న సంబంధం ఏమిటి. మేమూ తేల్చేస్తాం. విషయం: ఒక మహావాద్యకారుడు ఒక్కడే వేదికెక్కి, ఒక్క అకూస్టిక్ గిటారుతో రెండు గంటలు హాలంతా ఊపేయగా, కింద కుర్చీలో కూర్చున్న మామూలు గృహస్థుకి పుట్టే జ్వరం. ప్రయోజనం: ఆ గృహస్థు ఇంట్లోవాళ్ళకి ముందస్తు హెచ్చరిక. అధికారి: అటక మీద, సూట్‌కేసుల వెనక, తీగలు తుప్పు పట్టిన గిటారొకటి దాచుకున్న ప్రతివాడూ. సంబంధం సంగతి విప్పి చెప్పనక్కర్లేదు. ఆ గిటారు ఎందుకు కొన్నాడో, ఎందుకు అటకెక్కిందో అధికారికి తెలుసు, అతని భార్యకి ఇంకా బాగా తెలుసు.

జ్వరం అన్నాక వైద్యుల దారిలో నడవడమే మర్యాద. రోగాన్ని అయిదు విధాల తెలుసుకోమని ఆయుర్వేదం చెబుతోంది: నిదానం, పూర్వరూపం, రూపం, ఉపశయం, సంప్రాప్తి. అయిదింటికీ సమానంగా పేజీలు పంచడం పరీక్ష పుస్తకాలవాళ్ళ పని. మాకు గోళ్ళ గురించీ, ఎఫ్ కార్డ్ గురించీ చెప్పవలసింది చాలా ఉంది. సంప్రాప్తి గురించి ఏమీ లేదు. కాబట్టి దాన్ని ఇక్కడే వదిలేస్తున్నాం.

ఇక మూలసూత్రం: చూచినవాని వ్రేళ్ళు ఊరకుండవు.

భాష్యం. 'మనసు ఊరకుండదు' అనకుండా 'వ్రేళ్ళు' అని ఎందుకన్నారు? మనసు కదలడం అన్ని కచేరీలకూ ఉన్నదే. గొప్ప గాత్రకచేరీ విని ఇంటికొచ్చినవాడు మర్నాడు పొద్దున్నే తోడి రాగం ఎత్తుకోడు. ఎత్తుకున్నా స్నానాల గది దాటనివ్వడు. గిటారు కచేరీ చూసినవాడు అలా కాదు. కారు పార్కింగులోంచి బయటికి తీయకముందే ఫోనులో గిటారు ధరలు చూస్తాడు. ఇక 'విన్నవాని' అనకుండా 'చూచినవాని' అని ఎందుకన్నారన్నది పెద్ద తగువు. దానికి విడిగా చోటిస్తాం.

నిదానం అంటే రోగకారణం. లోకంలో కారణభూతులు చాలామందే ఉన్నారు గాని, ఒకరిని పట్టుకుని పరిశీలిస్తేనే శాస్త్రం నిలుస్తుంది. మేము పట్టుకున్నది టామీ ఎమ్మాన్యుయెల్‌ని. 1955లో ఆస్ట్రేలియాలో, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలోని మస్‌వెల్‌బ్రూక్ అనే ఊళ్ళో పుట్టాడు. నాలుగేళ్ళప్పుడు చేతికి గిటారు వచ్చింది. తల్లి లాప్ స్టీల్ గిటారు వాయిస్తుంటే పక్కన కూర్చుని కార్డ్స్ వెయ్యడం అతని మొదటి కొలువు. ఆరేళ్ళకల్లా తోబుట్టువులతో బృందం కట్టి డబ్బు తీసుకుని వాయించేవాడయ్యాడు. తండ్రి ఇల్లు అమ్మేసి, సంసారాన్ని రెండు స్టేషన్ వేగన్ కార్లలో ఎక్కించి, ఆస్ట్రేలియా అంతటా పిల్లలచేత కచేరీలు చేయించాడు. మన తండ్రులు గిటారు కోసం ఇల్లు అమ్మే మాట అటుంచి, ఇంటరు కోచింగు మొదలవగానే ఆ గిటారునే అటకెక్కించినవాళ్ళు. అయితే వాళ్ళని తప్పు పట్టడం ఈ శాస్త్రం పని కాదు. అటక మీద గిటారు లేకపోతే అధికారే లేడు.

ఈ టామీకి సంగీతపు నొటేషన్ చదవడం రాదు. ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. జ్వరం వ్యాపించడానికి ఈ ఒక్క సంగతి చేసినంత సాయం మరేదీ చేయలేదు. రోగి బుర్రలో నడిచే తర్కం ఇలా ఉంటుంది: ఆయనకి నొటేషన్ రాదు, నాకూ రాదు, కాబట్టి మా ఇద్దరికీ ఒకటే యోగ్యత. న్యాయశాస్త్రంలో దీన్ని అనైకాంతిక హేత్వాభాసం అంటారు. నొటేషన్ రానివాళ్ళు లోకంలో కోట్లమంది ఉన్నారు, వాళ్ళలో మా మేడమీద అద్దెకుండే ఆయన కూడా ఒకరు. ఆయన ఈల వేసినా శ్రుతి నిలవదు. కాని జ్వరపడ్డవాడికి తర్కం తలకెక్కదు.

ఇప్పుడు వేదిక మీదికి, కుడిచేతి దగ్గరికి వద్దాం. బొటనవేలికి థంబ్ పిక్ అనే చిన్న ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. ఆ వేలు లావు తీగల మధ్య ఇటూ అటూ మారుతూ, తాళం తప్పకుండా బేస్ నడుపుతుంది. అరచేతి అంచు బ్రిడ్జి దగ్గర ఆ లావు తీగల్ని ఒక్క రవ్వ అదిమి పెడుతుంది. దాంతో బేస్ నాదం సాగిపోకుండా పొడిపొడిగా తెగుతుంది. అదే క్షణంలో మిగతా వేళ్ళు సన్నతీగల మీద పాట లాగుతుంటాయి. ఆ పాట బొటనవేలి తాళంతో కలిసి నడవదు, దెబ్బకీ దెబ్బకీ మధ్య సందులో పడుతుంది. అసలు కిటుకంతా ఆ సందులోనే ఉంది. బొటనవేలు పొరపాటున పాటను వినడం మొదలుపెట్టిందో, తనూ దాని వెంట పోతుంది. అందుకే ఈ విద్యలో మొదటి ఏడాదంతా బొటనవేలిని చెవిటిదాన్ని చెయ్యడమే. ఇవి చాలవన్నట్టు టామీ మధ్యమధ్య గిటారు ఒంటిని అరచేత్తోనూ, కణుపులతోనూ, డ్రమ్ములవాళ్ళు వాడే బ్రష్షుతోనూ కొట్టి తాళవాద్యం కూడా పుట్టిస్తాడు. ఏళ్ళ తరబడి ఆ దెబ్బలకి గిటారు ముఖం మీద పాలిష్ లేచిపోయి పచ్చి చెక్క కనిపిస్తుంటుంది. వాయించేది మెల్‌బోర్న్‌లో 1946 నుంచి ఉన్న మేటన్ కంపెనీ గిటారు. గీతలు మాత్రం సొంతం.

అతని ప్రదర్శనల్లో పేరుపడ్డ ఘట్టం ఒకటుంది. ఒక పాట తీసుకుని ముందు బేస్ మాత్రం వాయిస్తాడు. తర్వాత కార్డ్స్ మాత్రం. తర్వాత పాట మాత్రం. విడివిడిగా చూపినంతసేపూ ప్రేక్షకుడు 'ఇంతేగా' అనుకుంటూ ధీమాగా కాలు మీద కాలేసుకుంటాడు. ఆ తర్వాత మూడూ కలిపేస్తాడు. హాల్లో నవ్వులు వినిపిస్తాయి.

ఆ నవ్వు దగ్గర కాసేపు ఆగాలి. అక్కడెవరూ జోకు వెయ్యలేదు, ఎవరూ కాలు జారి పడలేదు. మరి నవ్వెందుకు? భరతముని అద్భుతరసానికి స్థాయీభావం విస్మయం అని చెప్పి, దాని అనుభావాలు కూడా పేర్కొన్నాడు: కళ్ళు విప్పారడం, రెప్ప వేయకపోవడం, ఒళ్ళు జలదరించడం, ఆనందబాష్పాలు, సాధు సాధు అనడం. నవ్వుని మాత్రం హాస్యరసం ఖాతాలో రాశాడు. మునిని సవరించేంత సాహసం మాకు లేదు గాని, గిటారు కచేరీల్లో అద్భుతానికి మొట్టమొదట పైకి తేలేది నవ్వే. బుద్ధి లెక్క కట్టడం మానేసినప్పుడు వచ్చే నవ్వది. ఇది వచ్చిన వెంటనే రెండో లక్షణం కనిపిస్తుంది: మనిషి తల తిప్పి పక్క కుర్చీలో ఉన్న అపరిచితుడి ముఖంలోకి చూస్తాడు. 'నాకు కనిపించిందే నీకూ కనిపించిందా' అని సాక్ష్యం అడగడం అది. వాడూ అప్పుడే ఇటు తిరుగుతాడు. ఆ రాత్రి ఇద్దరికీ జ్వరం ఖాయం.

ఆసనభేదం గురించి ఒక మాట. కుడిచేతివాటం వాద్యకారుడు మనవైపు తిరిగి నిలబడితే, కార్డ్స్ పట్టే ఎడమచెయ్యి మన కుడివైపుకి వస్తుంది. అటువైపు కూర్చున్నవాడు ఆ వేళ్ళు ఎక్కడ నొక్కుతున్నాయో చూస్తూ 'ఫోటో తీసుకుంటే పట్టేయొచ్చు' అనుకుంటాడు. ఎడమవైపు కూర్చున్నవాడికి కుడిచెయ్యి దగ్గరగా కనిపిస్తుంది. వాడు ఫోటోతో పనికాదని అక్కడే గ్రహిస్తాడు. మొదటివాడిది ఉద్ధృతమైన జ్వరం, తొందరగా తగ్గుతుంది. రెండోవాడిది ఎముకల్లోకి దిగేది.

ఇక తగువుకొద్దాం. ఈ శాస్త్రంలో రెండు సంప్రదాయాలున్నాయి. చూస్తేనే జ్వరం వస్తుందనేవాళ్ళు దర్శనవాదులు. వింటే చాలుననేవాళ్ళు శ్రవణవాదులు. మూలసూత్రం దర్శనవాదుల పక్షాన ఉన్నా, శ్రవణవాదుల వాదన కొట్టిపారేసేది కాదు.

వాళ్ళు మొదటగా చూపే సాక్షి సాక్షాత్తూ టామీయే. ఏడేళ్ళప్పుడు రేడియోలో చెట్ అట్కిన్స్ గిటారు విన్నాడు, అంతే, జీవితం అటు తిరిగిపోయింది. చూడలేదు. రెండో సాక్షి ఆ అట్కిన్సే. 1924లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో లట్రెల్ అనే పల్లెలో పుట్టి, ఉబ్బసంతో బాధపడుతూ, మంచం మీద పడుకోలేక కుర్చీలో కూర్చునే గిటారు వాయిస్తూ నిద్రపోయిన కుర్రాడు. 1939 ప్రాంతంలో సిన్సినాటి రేడియో స్టేషన్‌లో మెర్ల్ ట్రావిస్ అనే కెంటకీవాడి వాయింపు విన్నాడు. బేసూ పాటా ఒక్కడే ఎలా వాయిస్తున్నాడో తెలియదు, చూసే మార్గం లేదు. బొటనవేలితో పాటు రెండు మూడు వేళ్ళు వాడుతున్నాడు కాబోలని ఊహించి, తనూ అలాగే సాధన చేశాడు. తర్వాత తెలిసిందేమిటంటే ట్రావిస్ వాడేది బొటనవేలూ చూపుడువేలూ మాత్రమే! తప్పుడు ఊహ మీద కట్టుకున్న అట్కిన్స్ పద్ధతి గురువు పద్ధతి కంటే విస్తారమైంది. కూతురికి మెర్ల్ అని పేరు పెట్టుకుని ఋణం తీర్చుకున్నాడు. శ్రవణవాదులు ఇక్కడ బల్ల గుద్ది అడుగుతారు: చూసి ఉంటే అట్కిన్స్ రెండువేళ్ళతోనే ఆగిపోయేవాడు కాదా?

మూడో సాక్షిని మన గడ్డ మీదినుంచే తెస్తారు. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్. గురువు రుద్రరాజు సుబ్బరాజుకి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ పాటని తీగల మీదికి దించుకునేవాడు. కర్ణాటక సంగీతం మాండొలిన్ మీద వాయించేవాడిని చూసి అనుకరిద్దామంటే అలాంటివాడు అప్పటికి లేడు. వినికిడి ఒక్కటే దారి. ఆ దారినే వెళ్ళి, జాన్ మెక్‌లాగ్లిన్ అకూస్టిక్ గిటారుతో తూర్పూ పడమరలని కలిపిన 'శక్తి' బృందం మళ్ళీ 'రిమెంబర్ శక్తి'గా పుట్టినప్పుడు, ఆ మెక్‌లాగ్లిన్ పక్కనే కూర్చుని వాయించాడు.

దర్శనవాదుల జవాబు పాతదీ గట్టిదీ. 1832లో పారిస్‌లో పగనినీ వయొలిన్ వాయిస్తుండగా ఇరవయ్యేళ్ళ ఫ్రాంజ్ లిస్ట్ చూశాడు. ఇంటికెళ్ళి పియానో ముందు కూర్చుని రోజుకి నాలుగైదు గంటలు ఒట్టి వేళ్ళ కసరత్తులే చేశాడు. పియానో మీద పగనినీని అవుతానన్నది పట్టుదల, అయ్యాడు కూడా. (పగనినీ గిటారు కూడా వాయించేవాడు, దానికోసం వంద పైచిలుకు రచనలు చేశాడు. కనక ఈ ఉదాహరణ మా శాస్త్రపరిధిలోకి అడ్డదారిన వస్తుంది.) అంతకంటే దగ్గరి ఉదాహరణ అమెరికాలో కాన్సస్‌కి చెందిన ఆండీ మెకీ. పదహారో పుట్టినరోజుకి ఒక బంధువు తీసుకెళ్ళి ప్రెస్టన్ రీడ్ అనే గిటారు విద్వాంసుడి ప్రదర్శన చూపించాడు. రెండు చేతుల్నీ గిటారు మెడ మీద వేసి, ఒంటి మీద దరువేస్తూ వాయించే పద్ధతి ఆయనది. కుర్రాడు అక్కడే ఆయన పాఠాల వీడియో టేపు కొనుక్కున్నాడు. 2006లో ఆ మెకీ వాయించిన 'డ్రిఫ్టింగ్' యూట్యూబ్‌లో ప్రపంచమంతా తిరిగింది.

పూర్వపక్షి ఇక్కడ లేచి నిలబడతాడు. 'అయితే వీడియో చూసినా జ్వరం వస్తుందిగా! టిక్కెట్టు డబ్బులెందుకు దండగ?' సిద్ధాంతం చెబుతున్నాం, వినండి. వీడియోలో మనకి అనుమానం అనే రక్షణ ఉంది. మధ్యలో కోత పెట్టారేమో, రెండుసార్లు రికార్డు చేసి కలిపారేమో, వేగం పెంచారేమో. అనుమానం ఉన్నంతసేపూ అభిమానం పుడుతుంది గాని జ్వరం పుట్టదు. హాల్లో ఆ రక్షణ ఉండదు. పది వేళ్ళు, ఆరు తీగలు, ఒక కొయ్యపెట్టె. తెర వెనక ఎవరూ లేరు. అతనికున్నవే మనకీ ఉన్నాయి. ఇదే దర్శనంలోని విషం. రేడియోలో విన్నవాడికి అదొక దైవలీల, దండం పెట్టి ఊరుకోవచ్చు. కళ్ళారా చూసినవాడికి తప్పించుకునే దారి లేదు. ఆ పనిని మనిషే చేస్తున్నాడని తేలిపోయింది. మనిషి చేసే పని కాబట్టి తనెందుకు చెయ్యలేదో ఇంటికెళ్ళి జవాబు చెప్పుకోవాలి.

రెండు సంప్రదాయాలనీ కలిపి మా నిర్ణయం: విన్నవాడు సొంత దారి వేస్తాడు, చూసినవాడు గిటారు కొంటాడు. పదివేలమంది కొంటే ఒక మెకీ వస్తాడేమో. మిగిలినవాళ్ళ కోసమే ఈ శాస్త్రం.

పూర్వరూపం, అంటే రోగం పూర్తిగా బయటపడక ముందు కనిపించే చిహ్నాలు, కారు స్టీరింగు మీద మొదలవుతాయి. కుడి బొటనవేలు దానంతటది తాళం వేస్తుంటుంది. సిగ్నలు పడి ఆకుపచ్చ వెలిగినా కారు కదలదు. ఆఫీసు మీటింగులో బల్ల అంచు మీద ఎడమచేతి నాలుగు వేళ్ళు లేని కార్డ్స్ పడుతుంటాయి. ఆ తర్వాత పార్సిళ్ళు రావడం మొదలవుతుంది: ట్యూనరు, కేపో, థంబ్ పిక్కులు, గిటారు నిలబెట్టే స్టాండు, మెట్రోనోము. మెట్రోనోము డబ్బా విప్పరు. తాళం తప్పుతున్నదని నిక్కచ్చిగా చెప్పే వస్తువుని ఇంట్లో ఎవరూ ఇష్టపడరు.

రూపం దగ్గరికి వచ్చేసరికి గోళ్ళ ప్రసక్తి వస్తుంది. అకూస్టిక్ గిటారుని వేళ్ళతో మీటేవాళ్ళు చాలామంది కుడిచేతి గోళ్ళు కాస్త పెంచి, ఆకురాయితో నునుపు చేసుకుంటారు. ఎడమచేతి గోళ్ళు మాత్రం మొదలంటా తీసెయ్యాలి, లేకపోతే తీగ సరిగా నొక్కుకోదు. దీనివల్ల తెలుగు ఇళ్ళలో ధర్మసంకటం ఏర్పడుతుంది. మెల్‌బోర్న్‌లో ఉద్యోగం చేసుకునే మనవాడొకడు కచేరీ చూసొచ్చిన మూడోవారం, తెనాలి నుంచి వచ్చిన తల్లి కంట్లో పడ్డాడనుకోండి. సంభాషణ ఇలా నడుస్తుంది.

"ఒరేయ్, ఎడంచేతి గోళ్ళే తీశావేంట్రా? కుడిచేతివి మర్చిపోయావా?"

"మర్చిపోలేదమ్మా. వాటితో పనుంది."

"గోళ్ళతో పనేంట్రా నీకు, వీపు గోక్కోడానికా? ఇవాళ శుక్రవారం కూడాను. శుక్రవారం గోళ్ళు తియ్యొద్దురా అని చిన్నప్పట్నుంచీ మొత్తుకుంటే ఒక్కనాడూ విన్లేదు. ఇప్పుడు విన్నావా అంటే, ఒక చేత్తోనే విన్నావు!"

"పోనివ్వండి అత్తయ్యా," అంటుంది కోడలు వంటింట్లోంచి. "ఇంకో పదిహేను రోజులు చూడండి, ఆయనే తీసేసుకుంటారు."

వైద్యశాస్త్రంలో దీన్ని సాధ్యాసాధ్య విచారం అంటారు. రోగి భార్య చెప్పిన గడువు తప్పినట్టు మాకెక్కడా కనపడలేదు.

ఈ దశలో రోగి ఎంచుకునే పాట కూడా లక్షణమే. టామీ తన కూతురి పేరు మీద కట్టిన 'ఏంజెలీనా' నెమ్మదిగా, తేలిగ్గా ఉన్నట్టు వినిపిస్తుంది కాబట్టి దాన్నే పట్టుకుంటాడు. మొదటి నాలుగు బార్లు వస్తాయి. అయిదో బారు రాదు. రానప్పుడు మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంటాడు. కొంతకాలానికి ఇంట్లో అందరికీ ఆ నాలుగు బార్లూ కంఠతా వస్తాయి. అయిదో బారు ఎలా ఉంటుందో ఆ ఇంట్లో పెరిగే పిల్లలకి తెలియదు. పాట అక్కడితో అయిపోయిందనే వాళ్ళ నమ్మకం.

అందరికీ జ్వరం ఈ వైపే తిరగదు. మనవాళ్ళు వైరాగ్యాలు మూడని చెప్పారు: పురాణవైరాగ్యం, ప్రసూతివైరాగ్యం, శ్మశానవైరాగ్యం. పురాణం వింటున్నంతసేపు, నొప్పులు పడుతున్నంతసేపు, కాటి దగ్గర నిలబడ్డంతసేపు మాత్రమే ఉండేవి. వీటికి నాలుగోదిగా కచేరీవైరాగ్యాన్ని చేర్చవలసిందని మా వినతి. ఇది అంతో ఇంతో వాయించడం వచ్చినవాడికే పడుతుంది. హాల్లోంచి బయటికొస్తూ 'రేపే అమ్మేస్తాను, ఇంక ముట్టుకోను' అంటాడు. ఇంటికెళ్ళి నిజంగానే ఫోటో తీసి అమ్మకానికి పెడతాడు. ఫోటో కోసం దుమ్ము తుడవాలి, తుడిచాక శ్రుతి సరిచెయ్యాలి, శ్రుతి చేశాక సరిగా ఉందో లేదో ఒక్కసారి వాయించి చూడాలి. తెల్లారేసరికి ప్రకటన తీసేస్తాడు. శ్మశానవైరాగ్యం కంటే దీని ఆయువు తక్కువ.

ఇంతకీ యోగ్యతాపత్రం మాటేమిటని శిష్యులు అడుగుతారు. ఉంది. అట్కిన్స్ సర్టిఫైడ్ గిటార్ ప్లేయర్ అనే బిరుదొకటి సృష్టించి, ముందు తనకి తానే సరదాగా ఇచ్చుకున్నాడు. తర్వాత జెర్రీ రీడ్, జాన్ నోల్స్, స్టీవ్ వారినర్, టామీలకి మాత్రమే ఇచ్చాడు. టామీకి దక్కింది 1999లో. చిన్నప్పుడు అట్కిన్స్‌కి ఉత్తరం రాసి జవాబు అందుకున్న పిల్లవాడు, 1980లో నాష్‌విల్ వెళ్ళి ఆయన్ని కలిసి, 1997లో ఆయనతో కలిసి ఆల్బం చేసి, మరో రెండేళ్ళకి ఈ పట్టా పుచ్చుకున్నాడు. 2001లో అట్కిన్స్ పోయాడు. విశ్వవిద్యాలయం ఒక మనిషి, పరీక్ష జీవితం, సప్లిమెంటరీ లేదు. మన దగ్గర ఇలాంటి పద్ధతి ప్రవేశపెడితే కోచింగు సెంటర్లు ఏ కూడలిలో వెలుస్తాయో ఊహించుకోవచ్చు.

ఉపశయం, అంటే దేనివల్ల ఈ జ్వరం దిగుతుందన్నది. దీనికి లోకప్రసిద్ధమైన ఔషధం ఎఫ్ కార్డ్. చూపుడువేలిని అడ్డంగా పడుకోబెట్టి మొదటి ఫ్రెట్ దగ్గర ఆరు తీగల్నీ ఒకేసారి నొక్కాలి. మిగతా మూడు వేళ్ళు పైన వేరే చోట్ల నిలబడాలి. తీగ ఆసరా చేసుకున్న నట్ పక్కనే మొదటి ఫ్రెట్ ఉంటుంది కాబట్టి అక్కడ తీగ లొంగదు. పై ఫ్రెట్లలో సులువుగా నొక్కుకునే తీగే ఇక్కడ ఎదురు తిరుగుతుంది. మామూలు లైట్ గేజ్ స్టీలు తీగల సెట్టు శ్రుతి చేసి ఉన్నప్పుడు ఆరూ కలిసి 70 కిలోల పైచిలుకు బలంతో గిటారు మెడని లాగుతుంటాయి. ఒక పెద్దమనిషి బరువది. ఆ పెద్దమనిషిని చూపుడువేలి పక్కభాగంతో అదిమి పెట్టడమే ఎఫ్ కార్డ్. నొక్కితే వచ్చేది సంగీతం కాదు, 'టప్' మనే ఒక చప్పుడు. వేలి కొసలు ఎర్రబడి, పొక్కి, తర్వాత గట్టిపడతాయి. గట్టిపడేదాకా ఉంటే సగం గెలిచినట్టే. పదిమందిలో ఎక్కువమంది పొక్కిన దశలోనే గోళ్ళు తీసేసుకుంటారు.

అటక మీది గిటారుతో ప్రయత్నించేవాడి పని మరీ కష్టం. ఏళ్ళ తరబడి వేడికీ తేమకీ మెడ వంగి ఉంటుంది, తీగలు ఫ్రెట్ల మీద ఎత్తుగా లేచి ఉంటాయి, తుప్పు వేళ్ళని గీకుతుంటుంది. ఆ గిటారు మీద ఎఫ్ కార్డ్ టామీకిచ్చినా ఒక ముఖం పెడతాడు. రోగి మాత్రం దోషం తన వేళ్ళదే అనుకుని మానేస్తాడు. ఈ శాస్త్రంలో ఇదొక్కటే నిజంగా బాధపడవలసిన సంగతి. లోకంలో ఆగిపోయిన గిటారు సాధనల్లో చాలావాటికి కారణం ప్రతిభ లేకపోవడం కాదు, తీగలు మార్చకపోవడం.

జ్వరం దిగిన తర్వాత ఏమవుతుంది? గిటారు మళ్ళీ అటకెక్కినా మనిషి మునుపటివాడు కాడు. ఎఫ్ కార్డ్ చేతిలో ఓడినవాడు మరుసటి ఏడు ఇంకో కచేరీకి వెళ్తాడు. ఈసారి అందరూ సన్నతీగల పాట వింటుంటే ఇతని చెవి బొటనవేలి బేస్ వెంట పోతుంది. అరచేతి అంచు ఎక్కడ పైకి లేచిందో, నాదం ఎక్కడ విచ్చుకుందో పట్టేస్తాడు. వేగంగా వాయించినప్పుడు నవ్వడు. వేగం తగ్గించి ఒక్క స్వరాన్ని శుభ్రంగా నిలబెట్టినప్పుడు నవ్వుతాడు. అందరూ చప్పట్లు కొట్టే చోట కొట్టడు, ఎవరూ కొట్టని చోట ఒక్కడే కొడతాడు. వేదిక మీదివాడు అటు చూస్తాడు. హాలు నిండా ఉన్న జనంలో తను చేసిన పని తెలిసినవాడు ఎక్కడ కూర్చున్నాడో వాద్యకారుడికి అలాగే తెలుస్తుంది. వాయించడం రానివాడు మంచి శ్రోత కాలేడని మేమనం. వాయించబోయి ఓడినవాడిని మించిన శ్రోత లేడని మాత్రం ఘంటాపథంగా చెబుతాం. అందుకే ఈ జ్వరానికి టీకా కనిపెట్టాలనేవాళ్ళకి మేము వ్యతిరేకం.

ఇంతవరకూ ఓపిగ్గా చదివిన అధికారికి మా మనవి. మీ ఊరికి మంచి గిటారు విద్వాంసుడు వస్తే తప్పకుండా వెళ్ళండి, వీలైతే ఎడమవైపు సీటు తీసుకోండి, ఫోను జేబులో పెట్టుకోండి. తిరిగొచ్చాక ఒక నెలపాటు కొత్త గిటారు కొనకండి. అటక మీదున్నదాన్ని దించి, గిటార్లు బాగుచేసేవాడి దగ్గరికి తీసుకెళ్ళి, తీగలు మార్పించి, మెడ సరిచేయించండి. కొత్త గిటారు ఖరీదుతో పోలిస్తే దానికయ్యే ఖర్చు ఏమాత్రం లెక్కలోది కాదు. కుడిచేతి గోళ్ళ విషయం ఇంట్లో పెద్దవాళ్ళకి ముందుగానే చెప్పుకోండి.